చదువుకు చేటు ప్రయాణమేనా?

విదేశంలో చదివే విద్యార్థి ఊళ్ళు తిరిగితే చదువు చెడుతుందన్నది తెలుగు ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. "నువ్వు వెళ్ళింది చదువుకోవడానికా, తిరగడానికా?" అన్న ప్రశ్న వీడియో కాల్‌లో వినని విద్యార్థి అరుదు. తల్లిదండ్రులు అడిగేది అదే, చుట్టాలు అడిగేది అదే, విమానం ఎక్కేముందు కన్సల్టెన్సీలవాళ్ళు చెప్పే జాగ్రత్తల్లోనూ అదే మాట. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవన్న సామెతను సాక్ష్యానికి తెచ్చేవారూ ఉన్నారు. పిల్లల మీద ప్రేమతో, చేసిన అప్పు తలుచుకుని అనే మాటే ఇది. అయినా తప్పు మాటే. అక్కడి చదువులో సమయం ఎలా పంచి ఉంటుందో, పరీక్షలు ఎందువల్ల తప్పుతాయో, డబ్బు దేనికి పోతుందో చూడకుండా, ఇంటర్మీడియట్ హాస్టల్ క్రమశిక్షణను సముద్రాల అవతలికి పొడిగించడం వల్ల పుట్టిన మాట.

జర్మనీని తీసుకుని చూస్తే ఈ మాట బలాబలాలు బాగా తెలుస్తాయి. 2024–25 శీతాకాలపు సెమిస్టర్‌లో అక్కడ చదివిన భారతీయ విద్యార్థులు దాదాపు 59 వేలమంది. మరే విదేశం నుంచీ అంతమంది లేరు. మాగ్దెబుర్గ్, కెమ్నిట్జ్ లాంటి మధ్యతరహా నగరాల ట్రాముల్లో కూడా ఇప్పుడు తెలుగు వినబడుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు కాబట్టి మధ్యతరగతి ఇళ్ళ పిల్లలే ఎక్కువగా వెళ్తున్నారు. ప్రయాణాల మీద ఆంక్ష గట్టిగా ఉండేదీ ఆ ఇళ్ళలోనే.

ముందు సమయం సంగతి. 1999 నాటి బొలోన్యా ప్రకటన తర్వాత ఐరోపా ఉన్నత విద్యకు కొలమానం క్రెడిట్ అయింది. జర్మనీలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. తరగతి, ల్యాబ్, గదిలో కూర్చుని చదివే చదువు, పరీక్షకు తయారీ అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఏడాదికి 60. గరిష్ఠంగా లెక్కవేసినా ఏడాదికి 1,800 గంటలు దాటదు. వారానికి 39 గంటలు పనిచేస్తే 46 వారాల్లో అది దాదాపు పూర్తవుతుంది. ఏడాదిలో ఇంకా ఆరు వారాలు మిగులుతాయి. ఆ ఆరు వారాలు విద్యార్థి దొంగిలించుకున్నవి కావు. ఉద్యోగికి ఉన్నట్టే విద్యార్థికీ సెలవు ఉండాలని పాఠ్యక్రమం రూపొందించినవారే లెక్కలో వదిలిపెట్టినవి.

తెలుగు విద్యార్థికి 39 గంటలు ఎక్కడ సరిపోతాయి, అక్కడి బోధన కొత్త, భాష కొత్త అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదటి సెమిస్టర్‌లో పాఠం అందుకోవడానికి మిగతావారికంటే ఎక్కువ కష్టపడక తప్పదు. వారానికి మరో ఐదు గంటలు కలిపితే 44 అవుతాయి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఐదు రోజులు, శనివారం ఉదయం నాలుగు గంటలు. అప్పటికీ శనివారం మధ్యాహ్నం, ఆదివారం మొత్తం మిగిలే ఉంటాయి. పైగా జర్మనీలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. సరుకులు తెచ్చుకునే పని కూడా ఆ రోజు పెట్టుకోవడానికి లేదు. ఆ ఒక్క రోజు పొద్దున్నే ప్రాంతీయ రైలెక్కి, ఒక ఊరు చూసి, రాత్రికి గది చేరుకున్న విద్యార్థి సోమవారం తరగతికి ఏ లోటూ లేకుండా వెళ్ళగలడు.

ఇక క్యాలెండర్. శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా. పాఠాలు మాత్రం మొదటిదానిలో అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి తొలి సగం వరకు, రెండోదానిలో ఏప్రిల్ నుంచి జులై వరకు జరుగుతాయి. ఏడాదిలో దాదాపు ఐదు నెలలు పాఠాలు ఉండవు. ఇవి పూర్తి సెలవులు కావన్నది గట్టిగా చెప్పుకోవాలి. పరీక్షలు, ప్రాజెక్టు నివేదికలు, ఇంటర్న్‌షిప్పులు ఈ కాలంలోనే పడతాయి. పాఠాలు అయిపోయాయి కదా అని ఫిబ్రవరి మూడో వారానికి విమానం టికెట్ కొనుక్కుని, పరీక్ష తేదీ కూడా అదే వారంలో పడితే తల పట్టుకునేవారు ప్రతి ఏడూ ఉంటారు. తప్పు తేదీలు చూడకపోవడంలో ఉంది. ఆఖరి పరీక్ష రాసిన మర్నాటి నుంచి తర్వాతి సెమిస్టర్ పాఠాలు మొదలయ్యేలోపు రెండు మూడు వారాలు దొరకని విద్యార్థులు తక్కువ. డిసెంబరు చివర రెండు వారాల విరామం వస్తుంది కానీ ఫిబ్రవరి పరీక్షలు తరుముకొస్తుంటాయి కనుక అందులో సగమైనా పుస్తకాలకు విడిచిపెట్టడం మంచిది. క్రీస్తు ఆరోహణ పండుగ ఎప్పుడూ గురువారమే వస్తుంది. మర్నాటి శుక్రవారం ల్యాబ్ లేకపోతే ఆదివారంతో కలిసి నాలుగు రోజులు దొరుకుతాయి. అది సాధారణంగా మే నెల, పరీక్షలు దూరంగా ఉన్న సమయం, వాతావరణం హాయిగా ఉండే సమయం. ప్రయాణానికి దాన్ని మించిన అదను లేదు.

ఇదే లెక్కలో ఇంకొక అంకె వేస్తే ఇంటివాళ్ళ కోపంలోని అన్యాయం బయటపడుతుంది. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చిన విద్యార్థులు జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చని 2024 మార్చి 1 నుంచి నిబంధన. పాఠాలు జరిగే పద్నాలుగు వారాల్లో వారానికి 20 గంటల చొప్పున పనిచేస్తే 280 గంటలు అవుతాయి. అదే పద్నాలుగు వారాల్లో మూడు శనాదివారాలు ప్రయాణానికి పోతే, రోజుకు పది గంటలు వేసుకున్నా 60 గంటలు. 280 గంటలు వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసిన పిల్లవాణ్ణి బాధ్యత తెలిసినవాడంటారు. 60 గంటలు ఊళ్ళు చూసినవాణ్ణి దారి తప్పాడంటారు. పని అవసరమై చేసేవారిని తప్పుపట్టడానికి లేదు, ఇంటి మీద భారం తగ్గించాలనే చేస్తారు. అయితే చదువు నుంచి గంటలు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే పెద్ద అంకెను దాచి చిన్న అంకె మీద నింద వేయకూడదు. రాత్రి పదింటికి పార్సిల్ కేంద్రంలో షిఫ్టు ఎక్కి, ఆరింటికి దిగి, చలికోటు విప్పకుండానే ఎనిమిదింపావు ల్యాబ్‌లో నిలబడి రీడింగులు తప్పుగా రాసుకునే విద్యార్థి గురించి ఇంట్లో ఎవరూ ఆందోళన పడరు. వాడు ఆ సంగతి చెప్పడు కూడా.

పరీక్షలు తప్పడానికి కారణాలు వేరే ఉన్నాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో పరీక్షకు విద్యార్థే పోర్టల్‌లో విడిగా నమోదు చేసుకోవాలి. కోర్సులో చేరితే చాలు, పరీక్ష దానంతట అదే వస్తుందనుకుంటే పొరపాటు. ఆ గడువు సెమిస్టర్ మధ్యలోనే ముగుస్తుంది. తెలియనివారు గడువు దాటిపోనిచ్చి ఆరు నెలలు పోగొట్టుకుంటారు. తెలిసినవారిలో కొందరు భయంతో పరీక్షను తర్వాతి సెమిస్టర్‌కు జరుపుతారు, అప్పుడు ఆ సెమిస్టర్ పరీక్షలతో ఇది కలిసి బరువు రెట్టింపవుతుంది. ఒక పరీక్ష రాయడానికి మూడు అవకాశాలే ఇచ్చే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. మూడోసారీ తప్పితే ఆ కోర్సు నుంచే తొలగిస్తారు. మూడో అవకాశం దాకా జారిన విద్యార్థి కథ మొదటి నుంచి వింటే అందులో సాధారణంగా ఉండేవి వాయిదాలు, నిద్రలేమి, ప్రొఫెసర్‌ను సందేహం అడగడానికి బెరుకు, పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయో తెలియకపోవడం, నాలుగు గోడల మధ్య ఒంటరితనం. డిసెంబరు చివర బెర్లిన్‌లో సూర్యుడు ఎనిమిది దాటాక ఉదయించి నాలుగు కాకముందే అస్తమిస్తాడు. ఆ చీకటిలో వారాల తరబడి గదిలోనే ఉండిపోయిన విద్యార్థి చదువుతున్నాడనుకోవడం పొరపాటు. చాలాసార్లు తలుపు వేసుకుని కుంగిపోతుంటాడు. అలాంటివాడికి "ఎక్కడికీ కదలకు" అన్న సలహా ఇవ్వడం హాని చేయడమే.

ఆ సలహా ఎక్కడ పుట్టిందో గుర్తుపట్టడం కష్టం కాదు. కార్పొరేట్ జూనియర్ కళాశాలల హాస్టళ్ళలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ నడుస్తాయి, నెలకోసారి అవుటింగ్ ఇస్తారు, అదీ వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే రద్దవుతుంది. ఆ రెండేళ్ళు గేటు లోపల ఉన్నవాడికి ర్యాంకు వస్తుందని, బయట తిరిగినవాడికి రాదని రెండు తరాలు నమ్మాయి. ఆ పద్ధతి మంచిచెడ్డలు వేరే చర్చ. ఒకే సిలబస్, ఒకే పరీక్ష, లక్షలమంది పోటీ ఉన్నచోట గంటల లెక్కకు విలువ ఉందనే అనుకుందాం. మాస్టర్స్ చదువులో ఆ పోటీయే లేదు. అక్కడ మౌఖిక పరీక్షలో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని ఎందుకు, ఎలా అని అడుగుతాడు. సెమినార్ వ్యాసంలో విద్యార్థి తన నిర్ణయాన్ని సమర్థించుకోవాలి. ఆఖరున ఆరు నెలల థీసిస్‌లో ఒక సమస్యను తానే ఎంచుకుని తానే తేల్చాలి. తన రోజును తానే నడుపుకోవడం రానివాడు వీటిలో నిలవలేడు. పరీక్ష తేదీలు, ల్యాబ్ హాజరు, చేతిలోని డబ్బు, రైలు వేళలు ఎదురుగా పెట్టుకుని ఒక ప్రయాణాన్ని కూర్చుకోగలిగిన విద్యార్థి, థీసిస్‌కు కావలసిన నేర్పునే సాధన చేస్తున్నాడు.

ప్రయాణమే చదువైన సందర్భాలు ఇంకా బలమైనవి. భూగర్భశాస్త్రం, భూగోళశాస్త్రం, ఆర్కిటెక్చర్ లాంటి కోర్సుల్లో క్షేత్రయాత్రలకు జర్మన్ విశ్వవిద్యాలయాలే క్రెడిట్లు ఇస్తాయి. ఇది నిన్నటి అలవాటు కాదు. ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హుంబోల్ట్ గొటింగెన్‌లో చదువుతున్న రోజుల్లో, 1790లో, యాత్రికుడు, రచయిత గేయార్గ్ ఫోర్స్టర్‌తో కలిసి రైన్ నది వెంట నెదర్లాండ్స్‌కూ అక్కడి నుంచి ఇంగ్లండుకూ పారిస్‌కూ వెళ్ళాడు. మరుసటి ఏడు ఫ్రైబెర్గ్ గనుల అకాడమీలో చేరాడు. అక్కడ ఉదయం పూట గనిలోకి దిగడం, మధ్యాహ్నం తరగతిలో కూర్చోవడం అతని దినచర్య. 1765లో స్థాపించిన ఆ అకాడమీయే నేటి ఫ్రైబెర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయం. భారతీయ విద్యార్థులు ఇప్పుడు అక్కడ చదువుతున్నారు. చేతిపనుల్లోనూ ఇదే సంప్రదాయం. వడ్రంగమో తాపీపనో నేర్చుకున్న యువకుడు మూడేళ్ళ ఒక రోజు పాటు దేశాటనం చేస్తూ, ఊరూరా పనిచేస్తూ, సొంత ఊరికి 50 కిలోమీటర్ల లోపు రాకుండా తిరిగే ఆచారం జర్మనీలో నేటికీ బతికే ఉంది. నల్ల కోటు, వెడల్పు అంచుల టోపీ, చేతికర్రతో రోడ్డు పక్కన నిలబడిన ఆ యువకుల్ని అక్కడి జనం సోమరులుగా చూడరు.

తెలుగు నేలకు ఈ సంగతి కొత్తదేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, ఇసుక నేలలో పునాది ఎలా నిలపాలో కావేరి మీది పురాతన ఆనకట్ట కల్లణను చూసి నేర్చుకున్నాడు. ఆ తెలివిడితోనే 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట కట్టాడు, 1847లో గోదావరి దగ్గర పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించాడు. ఇంకొకరి నిర్మాణం ముందు నిలబడి చూసిన చూపు నుంచి ఉభయగోదావరి డెల్టా పచ్చబడింది. కోనసీమలో పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయను దాటించి నీళ్ళు తీసుకెళ్ళే అక్విడక్టును చిన్నప్పటి నుంచి చూసిన విద్యార్థి మాగ్దెబుర్గ్‌లో సివిల్ ఇంజినీరింగో జలవనరులో చదువుతున్నాడనుకుందాం. అతను ఒక ఆదివారం సైకిల్ తొక్కుకుంటూ ఊరి బయటికి వెళ్తే, ఎల్బె నది మీదుగా కట్టిన 918 మీటర్ల నీటి వంతెన కనబడుతుంది. 2003లో తెరిచారు. కింద నది పారుతుంటే పైన కాలువలో సరుకు పడవలు వెళ్తుంటాయి. దాని పని 1930లలో మొదలై, యుద్ధంతో ఆగి, దేశం రెండుగా చీలి, మళ్ళీ ఒకటయ్యాకే పూర్తయింది. పడవ వంతెన మీదికి వచ్చినా నిర్మాణం మీద బరువు పెరగదు, పడవ తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోసేస్తుంది కనుక. ఆర్కిమిడీస్ సూత్రాన్ని ఇంటర్‌లో బట్టీపట్టినవాడు ఆ ఒడ్డున నిలబడినప్పుడు దాన్ని మొదటిసారి చూస్తాడు. ఆ పూట చదువుకు దూరమయ్యాడనడం చదువంటే ఏమిటో తెలియకపోవడమే.

ఉద్యోగం సంగతి కూడా ఇందులోనే ఉంది. ఇంగ్లీషు మాధ్యమంలో మాస్టర్స్ చేసే విద్యార్థులు చాలామంది తెలుగు రూమ్మేట్లతో ఉండి, విశ్వవిద్యాలయం, సరుకుల దుకాణం, పనిచేసే వేర్‌హౌస్ అన్న ముక్కోణంలోనే రెండేళ్ళు గడుపుతారు. వారి జర్మన్ భాష ఏ2 అనే ప్రాథమిక స్థాయి దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లీషు రాని చిన్న ఊళ్ళో రైలు రద్దయి, తర్వాతి బస్సు ఎక్కడ ఆగుతుందో ఒక పెద్దావిడను అడిగి తెలుసుకున్నవాడికి వచ్చే భాష తరగతిలో వచ్చే భాషకంటే గట్టిగా నిలుస్తుంది. ఆ దేశపు మంచి పరిశ్రమలు పెద్ద నగరాల్లోనే లేవు, పేరు తెలియని చిన్న ఊళ్ళలో తరాలుగా నడుస్తున్న కుటుంబ సంస్థలు వేలాదిగా ఉన్నాయి. 1947 నుంచి హనోవర్‌లో జరుగుతున్న పారిశ్రామిక ప్రదర్శనకు వెళ్ళి యంత్రాల పక్కన నిలబడిన ఇంజినీరుతో పది నిమిషాలు మాట్లాడిన విద్యార్థికి, గదిలో కూర్చుని వందల దరఖాస్తులు పంపేవాడికి తెలియని సంగతులు తెలుస్తాయి.

డబ్బు మాట దగ్గర వాదన సున్నితమవుతుంది. బ్యాంకు అప్పు మీద, ఇల్లో పొలమో తాకట్టు మీద వెళ్ళిన విద్యార్థికి ప్రయాణాలేమిటన్న ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు. వీసా కోసం నెలకు ఇంతేనని తీసుకోనిచ్చే బ్లాక్‌డ్ అకౌంట్‌లో చూపాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు, నెలకు 992. అద్దె, ఆరోగ్య బీమా, తిండి పోగా అందులో మిగిలేది తక్కువే. అయితే జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్ళలో, బస్సుల్లో, ట్రాముల్లో చెల్లే నెలవారీ టికెట్ 2023 మేలో మొదలైంది. మొదట 49 యూరోలు, 2025లో 58 అయింది. ఒప్పందం చేసుకున్న విశ్వవిద్యాలయాల విద్యార్థులకు అది 60 శాతం ధరకే సెమిస్టర్ రుసుములో కలిసి వస్తుంది. ఆ రుసుము అందరూ కట్టాల్సిందే, ఇంట్లో కూర్చున్నవాడికి వెనక్కి ఇవ్వరు. ఆస్ట్రియాలోని జాల్జ్‌బుర్గ్ స్టేషన్ దాకా అది చెల్లుతుంది. అలా కట్టేసిన డబ్బుతో వెళ్ళగల ప్రయాణాన్ని దుబారా అనడంలో అర్థం లేదు. పొద్దున డబ్బాలో పులిహోర పెట్టుకుని బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే విద్యార్థికి ఆ రోజు అదనంగా అయ్యే ఖర్చు కాఫీ ధరను పెద్దగా దాటదు. రాత్రి ఉండాల్సి వస్తే యూత్ హాస్టళ్ళున్నాయి. ఆ ఆలోచన పుట్టింది కూడా జర్మనీలోనే. పిల్లల్ని కాలినడకన ఊళ్ళు తిప్పి పాఠాలు చెప్పిన రిషార్డ్ షిర్మన్ అనే బడిపంతులు 1912లో ఆల్టెనా కోటలో మొదటి హాస్టల్ తెరిచాడు. విద్యార్థులు తక్కువ ఖర్చుతో తిరగాలనే ఒక ఉపాధ్యాయుడు ఆ పని చేశాడు.

అప్పు ఉన్న విద్యార్థి విమానాల్లో నగరాలు చుట్టనక్కరలేదు, చుట్టకూడదు కూడా. చేతిలో డబ్బు లేనప్పుడు క్రెడిట్ కార్డు మీద, స్నేహితుల దగ్గర చేబదులు మీద చేసే ప్రయాణం తప్పే. ఆ తప్పును చూపించి, ఖర్చు లేని ప్రయాణాన్ని కూడా వద్దనడమే అభ్యంతరకరం.

"ఉద్యోగం వచ్చాక తిరుగుదువులే" అన్న మాట వినడానికి ఓదార్పుగా ఉంటుంది. జర్మనీ చట్టం ప్రకారం వారానికి ఐదు రోజులు పనిచేసే ఉద్యోగికి కనీస సెలవు ఏడాదికి 20 రోజులు, చాలా సంస్థలు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. పూర్తి సెలవుకు హక్కు ఆరు నెలల సర్వీసు తర్వాతే వస్తుంది. ఆ సెలవులో ఎక్కువ భాగం ఇంటికి రావడానికే పోతుంది: పెళ్ళిళ్ళు, అమ్మానాన్నల ఆరోగ్యం, పెళ్ళిచూపులు. వయసుతో పోయే వెసులుబాట్లు వేరే ఉన్నాయి. ఐరోపాలో నివసించే విదేశీయులు కూడా కొనుక్కోగల ఇంటర్‌రైల్ పాస్ 27 ఏళ్ళ వరకు తగ్గింపు ధరకు వస్తుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఐరోపా ఆర్థిక ప్రాంతంలో నివసించే 26 ఏళ్ళలోపు వారికి ఉచితం, జర్మనీ నివాస పత్రం ఉన్న తెలుగు విద్యార్థికీ అది వర్తిస్తుంది. బీటెక్ తర్వాత రెండేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళినవాడికి ఆ గడువు మాస్టర్స్ మధ్యలోనే ముగుస్తుంది. ఉద్యోగం వచ్చేదాకా ఆగమంటే, ఉచితంగా దొరికినప్పుడు వద్దని, డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు వెళ్ళమని చెప్పినట్టు.

ఇక సరిహద్దు దాటే నిబంధనలు. షెంగెన్ ఒప్పందం మీద 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని ఆ పేరున్న ఊరి దగ్గర సంతకాలు జరిగాయి. జర్మనీ నివాస పత్రం, చెల్లుబాటు ఉన్న పాస్‌పోర్టు చేతిలో ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు వేరే వీసా లేకుండా ఉండవచ్చు. బ్రిటన్, ఐర్లండ్ ఇందులో లేవు. నివాస పత్రం కార్డు ఇంకా రానివారు, తాత్కాలిక పత్రంతో ఉన్నవారు, సరిహద్దు దాటేముందు విదేశీయుల కార్యాలయంలో తప్పక కనుక్కోవాలి. ఇవి తెలియక ఇబ్బంది పడేవారిలో ఇంట్లో చెప్పకుండా వెళ్ళినవారు ఉండటం బాధాకరం. ఇంటివాళ్ళకు కనబడకుండా స్టేటస్ దాచిపెట్టి, "లైబ్రరీలో ఉన్నాను" అని చెప్పి ఇంకో దేశంలో తిరిగే విద్యార్థికి అక్కడ ప్రమాదం జరిగితే ఇంటివాళ్ళకు ఏ ఊరికి ఫోన్ చేయాలో కూడా తెలియదు. నిషేధం ప్రయాణాన్ని ఆపలేదు, నిజం చెప్పడాన్ని మాత్రం ఆపింది.

వారానికో దేశం చొప్పున తిరిగేవారూ ఉన్నారు, ఈ వాదన వారిని సమర్థించడానికి కాదు. శుక్రవారం ల్యాబ్ ఎగ్గొట్టి, రాత్రి బస్సులో పన్నెండు గంటలు కూర్చుని, ఒక కట్టడం ముందు ఫోటో దిగి, సోమవారం నిద్రకళ్ళతో తరగతికి వచ్చే తిరుగుడులో చదువూ లేదు, ఊరు చూసిన తృప్తీ లేదు. రైల్లో చదువుకోవచ్చులే అన్న మాట కూడా సగమే నిజం. పరిశోధన వ్యాసం చదవవచ్చు, భాష మాటలు నెమరు వేసుకోవచ్చు, లెక్కలు మాత్రం బల్ల ముందు కూర్చోనిదే తెగవు. ఇలా తిరిగి పరీక్షలు పోగొట్టుకున్న కొద్దిమంది కథలే ఊళ్ళో ప్రచారమవుతాయి. లెక్క ప్రకారం తిరిగి, సమయానికి డిగ్రీ తీసుకున్నవారి ప్రయాణాలు చర్చకే రావు.

ప్రయాణంలో ఏం చూశాడన్నది చివరికి విద్యార్థి శ్రద్ధను బట్టి ఉంటుంది. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేస్తూ 1830 మేలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. దారిపొడవునా ఊళ్ళు, బాటలు, నీటి వసతులు, ధరలు, పాలన తీరు రాసుకున్నాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం ఆనాటి దేశాన్ని తెలుసుకోవడానికి చరిత్రకారులకు నేటికీ ఆధారం. కొలువులో ఉన్నవాడు చేసిన ప్రయాణం అది. తెలుగులో యాత్రా రచనకు ఆద్యుడిగా గౌరవించే మనిషి పేరు తలుచుకుంటూనే, పిల్లవాడు పొరుగు దేశం చూసొస్తే నేరంగా చూడటం పొసగని వైఖరి.

తల్లిదండ్రులు ఆ పాత ప్రశ్నను మానుకోవాలి. దాని బదులు అడగాల్సినవి: ఈ సెమిస్టర్‌లో ఏ పరీక్షలకు నమోదు చేసుకున్నావు, ఆఖరి పరీక్ష ఏ తేదీన, వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నావు, రాత్రి షిఫ్టులు మానేయడానికి ఇంటి నుంచి ఏమైనా సాయం కావాలా, పరీక్షలయ్యాక ఎక్కడికి వెళ్దామనుకుంటున్నావు, ఎవరితో, ఏ రైలుకు. కన్సల్టెన్సీలు కూడా బయల్దేరే పిల్లలకు పరీక్ష నమోదు గడువు, నివాస పత్రం నిబంధన, విద్యార్థి టికెట్ ఎంత దూరం చెల్లుతుందో ఒక గంట కూర్చోబెట్టి చెప్పాలి. మొదటి సెమిస్టర్ పాఠాలు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి. ఇవన్నీ చెప్పడానికి సరైన సమయం అంతకు ముందే.